కాలవగట్టు మీద సైకిలు

"కాగితం ఏదీ?" అన్నాడు లాజరు మేష్టారు మూడోసారి.

"నాకేం తెలుసండీ? నా చేతికి దొరికుంటే పొయ్యిలో పెట్టి ఉందును. పొయ్యిలోనే చూసుకోండి," అంది సంపూర్ణమ్మ.

ఆయన నిజంగానే వంగి పొయ్యిలో చూశాడు. బూడిద, సగం కాలిన కొబ్బరిమట్ట తప్ప అక్కడేమీ లేదు.

పన్నెండు కావస్తోంది. సాయంత్రం నాలుగింటికి లాకులపేట మునిసిపల్ కౌన్సిలు కూర్చుంటుంది. కూర్చుని, "ఊరి హద్దులలో కాలవగట్టుల మీద ఎవరును సైకిలు ఎక్కరాదు, దిగి నడిపించుకొని పోవలెను" అని తీర్మానం చేస్తుంది. ఊరు మొత్తానికి ఉన్న సైకిళ్ళు మూడు. ఒకటి కాలవల ఇంజినీరు దొరది, ఆయన్ని దిగమనే మొనగాడు ఇంకా పుట్టలేదు. ఇంకోటి డాక్టరుగారిది, ఆయనకి గుర్రబ్బండి కూడా ఉంది. మూడోది లాజరుది. తీర్మానం ఎవరిని దింపడానికో చిన్నపిల్లాడైనా చెబుతాడు.

పోయిన సోమవారం గట్టుమీద జరిగిన సంగతిని ఊళ్ళో పది రకాలుగా చెప్పుకుంటున్నారు. అన్నిటిలోనూ కలిసే ముక్క ఒక్కటే. పొద్దున్నే లాజరు సైకిలు ఎదురొచ్చింది, కౌన్సిలరు సూర్యనారాయణరాజుగారు కాలవలో పడ్డారు. ఒంటికి దెబ్బ తగల్లేదు. కళ్ళజోడు పోయింది, పరువు తడిసింది. అందుకే తీర్మానం ప్రతిపాదించేది కూడా వారే.

"పాతిక మందిలో నిలబెట్టి తప్పొప్పుకోమనలేదు నేను," అంది సంపూర్ణమ్మ. "వాళ్ళ గుమ్మం ముందుకెళ్ళి, తప్పయిందండీ అనమన్నాను. అంటే నోరు అరిగిపోతుందా?"

"తప్పు నాది కాదు సంపూర్ణం. నేను అప్పటికే సైకిలు ఆపేశాను. ఆయనంతట ఆయనే పడ్డాడు."

"ఎవరు చూశారు?"

"నేను చూశాను."

"మీరు చూసినదానికి కౌన్సిల్లో ఓటు లేదు."

లాజరు దగ్గర జవాబు లేని ప్రశ్న దొరకడం అరుదు. ఊళ్ళో ఏ వీధికి ఎన్ని బండ్ల కంకర తోలారో, ఏ లాంతరు ఏ రోజు వెలగలేదో, మురుక్కాలవ ఎక్కడ మొదలై ఎక్కడికీ వెళ్ళకుండా ఆగిపోయిందో అన్నీ ఆయనకి తెలుసు. తెలిసింది తెలిసినట్టు ఊరుకుంటే బాగుండేది.

"నిన్న పొద్దుటినించీ బల్ల ముందు కూర్చుని రాస్తుంటే, పోనీలే, దేవుడు బుద్ధి మార్చాడు, క్షమాపణ రాస్తున్నారు అనుకున్నాను. మామయ్యకీ అదే చెప్పాను. అన్నం చల్లారిపోతున్నా పిలవలేదు. తీరా చూస్తే అది మునిసిపాలిటీ మీద అర్జీ! పద్నాలుగు అంశాలు!"

"పదహారు," అన్నాడు లాజరు.

సంపూర్ణమ్మ ఆయన వంక చూసి, నవ్వాలో ఏడవాలో తెలియక, కుండ మీద మూత సర్దింది.

లాజరు మిషను బడుల సూపర్వైజరు. ఏడు ఊళ్ళలో ఏడు బడులు. మూడేళ్ళ కిందట పాత మిషను దొర స్వదేశం వెళ్ళిపోతూ తన సైకిలు ఆయన చేతిలో పెట్టి, ఇక ఈ ఏడు బడులూ నువ్వే చూసుకోవాలన్నాడు. ఊరి హద్దు గట్టు వెంట నాలుగు మైళ్ళు. అంత దూరమూ సైకిలు తోసుకుంటూ పోతే చివరి బడికి చేరేసరికి పిల్లలు ఇళ్ళకి పోతారు. బడులు చూడలేని సూపర్వైజరుని ఏం చేయాలో కొత్త దొర అప్పుడే చెప్పేశాడు. ఊరి పెద్దలతో పొసగనివాళ్ళకి మన్యంలో కావలసినంత పని ఉందట.

మన్యం అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు. అక్కడ రెండేళ్ళు పనిచేసి వచ్చారు వాళ్ళు. వెళ్ళినప్పుడు ముగ్గురు, వచ్చేటప్పుడు ఇద్దరు. నాలుగేళ్ళ పాపని చలిజ్వరం తీసుకుపోయింది. ఈ మూడేళ్ళలో సంపూర్ణమ్మ ఒక్కరోజైనా ఆ పిల్లని తలుచుకోకుండా నిద్రపోలేదు.

"మామయ్య ఏరీ?" అంది ఉన్నట్టుండి.

లాజరు తల తిప్పాడు. మూల నులకమంచం ఖాళీగా ఉంది. అంబలి తాగిన ముంత కడిగి బోర్లించి ఉంది. చేతికర్ర లేదు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంతలో గుమ్మంలోకి రత్తమ్మ రొప్పుతూ వచ్చింది. పక్కింటిదే. మునిసిపల్ ఆఫీసులో ఊడ్చి, నీళ్ళు పెట్టే పని చేస్తుంది కాబట్టి ఊరి రాజకీయాలు చైర్మనుకన్నా ఒక పూట ముందే ఆవిడకి తెలుస్తాయి.

"మేష్టరుగారూ, మీ నాన్న రాజుల వీధికి పోతన్నాడండి. లాకు వంతెన మీద కనపడ్డాడు. కండువా తీసి నడుముకి కట్టుకున్నాడు. సేతిలో కాయితం. ఎక్కడికి పెదనాన్నా అంటే, 'మావోడు తప్పొప్పుకుని కాయితం రాసేడే రత్తీ, తీసుకెళ్ళి ఇయ్యటానికి సిగ్గుపడతన్నాడు. నేనే ఇచ్చొత్తాను' అన్నాడండి."

లాజరు మంచం మీద కూలబడ్డాడు.

లాజరు తండ్రి చిట్టియ్యకి చదువు రాదు. కొడుకు రాసిందేమిటో ఆయనకి కోడలి మాట వల్లే తెలుసు. ఆయన సూర్యనారాయణరాజుగారి కమతంలో నలభై ఏళ్ళు పాలేరుతనం చేసినవాడు. ఆ ఇంటి పెద్దకి కోపం వస్తే ఏం చేయాలో ఆయనకి ఒకటే దారి తెలుసు. ఆ దారినే వెళ్ళాడు.

"అందులో రాజుగారి గురించి ఏమైనా రాశారా?" అంది సంపూర్ణమ్మ.

"పేరు రాయలేదు."

"పేరు లేకుండా ఏం రాశారో చెప్పండి."

లాజరు నేల వంక చూస్తూ అప్పగించాడు. "మూడవ అంశము. గట్టు బాగోగులు చూడవలసిన సభ్యులలో గట్టు మీద కాలు పెట్టినవారు ఒక్కరే. వారు కాలు పెట్టిన దినముననే కాలవలో పడిరి."

రత్తమ్మ ఫక్కున నవ్వి, వెంటనే కొంగు నోట్లో కుక్కుకుంది.

లాజరు లేచి సైకిలు బయటికి తీశాడు. సంపూర్ణమ్మ అడ్డం వచ్చి హాండిలు పట్టుకుంది.

"నడిచి వెళ్ళండి."

"నడిస్తే అందుకోలేను."

"ఇవాళ దీని మీద ఆ వీధిలోకి వెళితే, రేపు మన్యానికి మీరొక్కరే వెళ్ళాలి. నేను రాను." ఆవిడ గొంతు పెంచలేదు. "ఇంకొకళ్ళని అక్కడ వదిలిపెట్టి రాలేనండీ నేను."

రత్తమ్మ చప్పుడు చేయకుండా వెళ్ళిపోయింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ అలాగే నిలబడ్డారు, సైకిలుకి చెరో పక్క. ఆయనకి ఏదైనా అనాలని ఉంది. ఏం అన్నా ఆ పిల్ల పేరు వస్తుంది. చివరికి ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే మెల్లిగా విడదీసి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

* * *

లాకు వంతెన దాటితే తూర్పుగట్టు. ఎదురుగా ధాన్యం పడవ వస్తోంది. గట్టు మీద నలుగురు మనుషులు భుజాలకి తాడు వేసుకుని వంగి లాగుతున్నారు. గట్టుకీ పడవకీ మధ్య తాడు బారుగా సాగి ఉంది.

ఈ కాలవ మీద తిరిగేవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. గట్టు మీద మనిషి ఎదురైతే ముందున్నవాడు "హోయ్!" అని కేక వేస్తాడు. లాగేవాళ్ళు ఒక్క క్షణం ఆగుతారు, తాడు వదులై నేల మీద పడుతుంది, వచ్చినవాడు దాటిపోతాడు. దాటకుండా నిలబడితే మళ్ళీ బిగిసిన తాడు మోకాళ్ళ దగ్గర తగులుతుంది. సోమవారం కేక విని లాజరు సైకిలు ఆపాడు. రాజుగారు వేపపుల్ల నములుతూ, చేల వంక చూస్తూ ఆ కేక తనకి కాదనుకున్నారు. కౌన్సిలర్లకి ఎవరూ కేకలు వేయరు కదా!

పడమటిగట్టు మీద తాడు బెడద లేదు, పడవలు ఎప్పుడూ తూర్పు నించే లాగుతారు. కాని అక్కడ తుమ్మచెట్లు అల్లుకుపోయి మేకలు కూడా నడవలేకుండా ఉన్నాయి. ఆ తుమ్మలు కొట్టించమని లాజరు మూడేళ్ళుగా కనబడ్డవాళ్ళందరికీ చెబుతున్నాడు. వాళ్ళు మూడేళ్ళుగా వింటున్నారు.

"హోయ్!" అని కేక. తాడు వదిలారు. లాజరు దిగి, దాటి, మళ్ళీ ఎక్కాడు.

మామూలుగా రాజుల వీధి మొదట్లో లాంతరు స్తంభం దగ్గర ఆయన దిగిపోతాడు. వీధంతా సైకిలు నడిపించుకుంటూ పోయి, అవతల చివర ఎక్కుతాడు. అలా చేయమని ఏ రాజుగారూ చెప్పలేదు, చెప్పే అవసరమూ రాలేదు. మొదటిరోజునే తండ్రి చెప్పాడు. మూడేళ్ళుగా కాళ్ళకి అదే అలవాటైపోయింది. లోపల మాత్రం దిగిన ప్రతిసారీ మండుతూనే ఉంది.

ఇవాళ ఆయన కళ్ళముందు నడుముకి కండువా కట్టుకున్న ముసలాయన తప్ప వీధి లేదు, స్తంభం లేదు. సూర్యనారాయణరాజుగారి లోగిలి ముందు బ్రేకు వేశాక గాని తను ఇంకా సైకిలు మీదే ఉన్నట్టు ఆయనకి తెలియలేదు. వెనక్కి తిరిగి చూస్తే అరుగుల మీద మాటలన్నీ ఆగిపోయి ఉన్నాయి.

లోపల వాకిట్లో చిట్టియ్య చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అరుగు మీద పడకకుర్చీలో రాజుగారు. కళ్ళజోడు లేక మొహం బోసిగా ఉంది. ఓరగా వేసిన తలుపు వెనకనించి ఒక ఆడగొంతు కూడబలుక్కుని చదువుతోంది.

"ఐదవ... అంశము. వీధి లాంతరులు... పదకొండు. అందులో తొమ్మిది... గౌరవ సభ్యుల... ఇండ్ల ముందర గలవు. వారి గుమ్మములు... వారికి తెలియవు కాబోలు."

ఆ గొంతు రాజుగారి భార్య సుబ్బాయమ్మగారిది. ఆ ఇంటి ఆడవాళ్ళు పరాయి మగవాళ్ళ కంటపడరు, గొంతు కూడా గుమ్మం దాటకూడదు. కాని ఇవాళ గుమస్తా మొగల్తూరు పెళ్ళికి వెళ్ళాడు. కళ్ళజోడు కాలవలో ఉంది. చిట్టియ్యేమో, ఇప్పుడే చదివించండి బాబయ్యా, నా మనసు కుదుటపడుద్ది అని కాళ్ళావేళ్ళా పడ్డాడు. రెండేళ్ళుగా లోపలి వసారాలో కూర్చుని ఆవిడకి అక్షరాలు దిద్దించింది సంపూర్ణమ్మే. మాట మాటకీ వేలు పెట్టి, దీర్ఘం దగ్గర ఆగి ఊపిరి తీసుకునే ఆ చదువు ఎవరు నేర్పిందో లాజరు వినగానే పోల్చుకున్నాడు.

"నెమ్మదిగా చదవవే, వీధికి వినపడుతోంది," అన్నారు రాజుగారు.

"నెమ్మదిగా చదివితే నాకు అక్షరం ఆగదండీ."

"బాబయ్యా," అన్నాడు చిట్టియ్య. ఆయన మొహంలో నెత్తురు లేదు. "ఇది మావోడు రాసింది కాదండి. మజ్జిలో ఎవరో కలిపేరండి."

"కలిపారా! ఇది కాగితమా, పాలా, కలపడానికి?" అని రాజుగారు కళ్ళు చికిలించి గుమ్మం వంక చూశారు. "ఎవరది?"

"లాజరునండి."

"ఊఁ. వచ్చావా. నడిచొచ్చావా?"

"లేదండి."

"వీధి మొదట్లో దిగావా?"

"లేదండి." లాజరు అబద్ధం ఆడదామనుకోలేదు, ధైర్యం చూపిద్దామనీ అనుకోలేదు. "మరిచిపోయానండి."

చిట్టియ్య కళ్ళు మూసుకున్నాడు. కొట్టాంలో గేదె తల విదిలిస్తే గొలుసు చప్పుడైంది. మన్యం బండి అప్పుడే గుమ్మంలోకి వచ్చి నిలబడినట్టనిపించింది లాజరుకి.

"మూడోది మళ్ళీ చదువు," అన్నారు రాజుగారు లోపలికి.

సుబ్బాయమ్మగారు కాగితాలు తిప్పిన చప్పుడు. మొదటి రెండు ముక్కలూ ఇంతకుముందు చదివినవే. ఆ తరవాతది ఇలా ఉంది. "సైకిలు అప్పటికే... ఆగి ఉన్నది. పడవ తాడు బిగిసి... వారి మోకాలికి తగిలినది. ఈ సంగతి వారికిని, ఈ అర్జీదారునికిని, దేవునికిని... తెలియును."

ఆవిడ ఆగింది.

"ఏవండీ, సైకిలు గుద్దేసిందన్నారు కదండీ?"

"నువ్వు చదువు. అడగకు."

"చదివానండీ. చదివాకే అడుగుతున్నాను."

రాజుగారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. కోపం వస్తుందేమోనని లాజరు చూస్తున్నాడు. వచ్చింది కోపం కాదు. కళ్ళజోడు లేని ఆ మొహంలో దాచుకోవడానికి చోటు లేకపోయింది.

"తాడే తగిలింది," అన్నారు చివరికి. "పైకి లాగింది కూడా ఇతనే. నేను పదేళ్ళుగా కౌన్సిలర్ని. ఎవడో గుద్దాడంటే నలుగురూ అయ్యో అంటారు. తాడు చూసుకోక పడ్డాడంటే నవ్వుతారు. ఇంటికొచ్చేసరికి నోట్లోంచి ఆ ముక్క వచ్చేసింది. వచ్చాక ఇంక వెనక్కి పోలేదు."

తలుపు వెనకనించి సుబ్బాయమ్మగారు, "పదకొండోది కూడా వినండి. నేను లోపల ముందే చూసుకున్నాను. మీకు కావలసింది అక్కడుంది," అంది.

పదకొండవ అంశము పొట్టిది. కాలవగట్టులు కాలవల డిపార్టుమెంటువి. వాటి మీద మునిసిపాలిటీకి అధికారం లేదు. నిరుడు గట్టు మీద పాతిన లాంతరు స్తంభము గతి సభ్యులు మరువరాదు.

రాజుగారు కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నారు. ఆ స్తంభాన్ని ఎవరు మరుస్తారు! కౌన్సిలు బాజాలతో పాతించిన మూడోరోజున ఇంజినీరు దొర మనుషులు దాన్ని పీకి తెచ్చి, మునిసిపల్ ఆఫీసు మెట్ల మీద పడుకోబెట్టి పోయారు. నెల్లాళ్ళు సభ్యులంతా దాన్ని దాటుకుంటూ లోపలికి వెళ్ళారు.

"అంటే ఇవాళ ఈ తీర్మానం చేస్తే..."

"దొర తిప్పి పంపుతారండి," అన్నాడు లాజరు. "ప్రతిపాదించినవారి పేరుతో సహా."

"ఒక్క వారంలో రెండుసార్లు కాలవలో పడేవాణ్ణన్నమాట," అని రాజుగారు గట్టిగా నవ్వారు. "సరే మేష్టరూ. గట్లు వాళ్ళవైతే మనం చేయగలిగేది ఏముంది?"

ఇన్నాళ్ళకి ఒకరు అడిగారు. లాజరు పన్నెండో అంశం చూడకుండానే చెప్పేశాడు. పడమటిగట్టు మీద తుమ్మలు కొట్టించి చదును చేయమని డిపార్టుమెంటుకి కౌన్సిలు రాయాలి. తూర్పుగట్టు పడవలు లాగేవాళ్ళది, పడమటిది నడిచేవాళ్ళదీ సైకిళ్ళదీ. ఎవరూ ఎవరికీ అడ్డం రారు. లాకు వంతెన దగ్గర మాత్రం వాలు తగ్గించాలి, అక్కడ బండి చక్రం జారుతుంది, వానాకాలంలో అయితే...

"చాలు, చాలు. నా తీర్మానం వెనక్కి తీసుకుంటాను. ఈ పన్నెండోది నా పేర ప్రతిపాదిస్తాను. తాడు సంగతి కూడా సభలో నేనే చెబుతాను. ఇంకొకళ్ళు చెప్పకముందు నా నోటితో చెబితేనే నాకు మర్యాద."

"మిగతా పదిహేను అంశాలూనండి?"

"నీ దగ్గరే ఉంచుకో. మా కౌన్సిలుకి ఏడాదికొకటి అరుగుతుంది."

"లాంతర్లది కూడా పెట్టండి," అంది తలుపు వెనక గొంతు.

చిట్టియ్యకి ఇదంతా పూర్తిగా ఎక్కలేదు. "అయితే సెమించినట్టేనా బాబయ్యా?" అన్నాడు.

"నా వయసులో ఇటువంటి క్షమాపణ ఎవరూ ఇవ్వలేదురా చిట్టియ్యా," అన్నారు రాజుగారు. "ఆ కండువా భుజం మీద వేసుకో."

"అలవాటు లేదండి," అన్నాడు చిట్టియ్య.

* * *

తిరుగుదారిలో లాజరు సైకిలు నడిపించుకుంటూ, తండ్రి పక్కన నడిచాడు. వంతెన దగ్గర ముసలాయన నోరు విప్పాడు.

"ఒరే, అందులో తప్పయిందని ఎక్కడా లేదేంట్రా?"

"లేదు నాన్నా."

"ఒక్క సోట కూడా?"

"లేదు."

ఇంకాస్త దూరం నడిచారు.

"మరి ఆరికి కోపం రాలేదు."

"రాలేదు."

"నలభయ్యేళ్ళు ఆరి కమతంలో సేసేను. తప్పయిందండీ అనకుండా ఒక్క పొద్దు గడవలేదు. ఆ మాట లేకుండా కూడా జరుగుద్దని నాకు తెలవదురా," అన్నాడు చిట్టియ్య.

లాజరు సైకిలు ఆపి తండ్రి వంక చూశాడు.

సంపూర్ణమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఇద్దరూ కాళ్ళ మీద నడిచి వస్తుంటే చూసి, ఒక చేత్తో తలుపు పట్టుకుంది. లాజరు అంతా చెప్పాడు.

"అయితే మన్యం లేదు?"

"లేదు."

"ఒట్టు?"

"ఒట్టు. రాజుగారే సభలో చెబుతానన్నారు."

ఆవిడ మెట్టు మీద కూర్చుని మొహం కొంగులో పెట్టుకుని భోరున ఏడ్చింది. పాప పోయిన రోజున కూడా ఇలా పైకి ఏడవలేదు ఆవిడ. చిట్టియ్య కోడలి తల మీద చెయ్యి వేసి, ముంతలో మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. తాగింది. తాగి, కళ్ళు తుడుచుకుని, ముక్కు ఎగబీలుస్తూనే అడిగింది.

"సుబ్బాయమ్మగారు దీర్ఘాలు సరిగ్గా పలికారా?"

"ఒక్కటీ తప్పలేదు."

"ఒత్తులు?"

"ఒత్తులు కూడా."

అప్పుడు నవ్వింది. నవ్వుతూనే చల్లటి అన్నం, చింతకాయ పచ్చడి పెట్టింది. ముగ్గురూ కలిసి కూర్చున్నారు. సోమవారం నించీ ఆ ఇంట్లో ముద్ద గొంతు దిగడం కష్టంగా ఉంది. ఇవాళ చిట్టియ్య రెండోసారి పెట్టించుకున్నాడు. రాజుగారు నవ్వినట్టు తను కూడా నవ్వి చూపించాడు. లాజరు పదమూడో అంశం మొదలుపెడితే ఎవరూ ఆపలేదు.

సంపూర్ణమ్మ చేతిలో ముద్ద మధ్యలో ఆగిపోయింది.

"ఏవండీ, రత్తమ్మ ఆఫీసుకి ఎన్నింటికి పోతుంది?"

"మూడింటికి. ఊడ్చి, కుర్చీలు వేయాలిగా. ఏం?"

ఆవిడ ముద్ద కంచంలో పెట్టేసింది.

"అప్పటికి మీరు వెళ్ళి రెండు గంటలు దాటింది. మామయ్యా రాలేదు, మీరూ రాలేదు. మిమ్మల్ని అక్కడ పట్టుకుని ఏం చేస్తున్నారో అనుకున్నాను. నాకు చేతులు ఆడలేదండీ. అందుకని..."

"అందుకని?"

"క్షమాపణ నేనే రాశాను. మీ పేరున. మీ సంతకం పెట్టి, మీటింగు మొదలవగానే చైర్మనుగారి బల్ల మీద పెట్టమని రత్తమ్మకిచ్చాను."

లాజరు కంచం ముందునించి లేచాడు. "ఏం రాశావు?"

"సైకిలుతో రాజుగారిని గుద్ది కాలవలో పడేసింది నిజమేనని. తప్పంతా నాదేనని." ఆవిడ గొంతు సన్నబడింది. "ఇకమీదట ఈ ఊరి హద్దుల్లో, గట్టు మీదే కాదు, ఎక్కడా సైకిలెక్కనని, క్రీస్తు సాక్షిగా."

సభలో రాజుగారు లేచి తాడు తగిలిందని తన నోటితో చెబుతారు. అదే బల్ల మీద, కాదు కాదు నేనే గుద్దాను అని లాజరు చేవ్రాలు ఉంటుంది. ఇద్దరిలో ఒకరు అబద్ధీకులు అవుతారు. రాజుగారు అబద్ధీకులు కావడానికి ఆ సభలో ఎవరూ ఒప్పుకోరు. ఇక మిషను కొత్త దొర ఆ కాగితం చదివితే, మన్యానికి పంపడానికి వేరే సాక్ష్యం అడగడు.

జేబు గడియారం తీసి చూశాడు. నాలుగుకి పన్నెండు నిమిషాలు తక్కువ. ఆఫీసు రాజుల వీధి దాటిన తరవాత, బజారు చివర ఉంది. ఈ వేళప్పుడు సభ్యులంతా కండువాలు వేసుకుని ఆ వీధి అరుగుల మీదనించే బయలుదేరుతారు.

సంపూర్ణమ్మ అప్పటికే ఎంగిలి చేత్తోనే సైకిలు గోడ దగ్గరనించి లాగి వాకిట్లో నిలబెట్టింది. "ఇంకా చూస్తారేం? ఎక్కండి!" అంది.

లాజరు ఎక్కాడు. చిట్టియ్య కర్ర కూడా తీసుకోకుండా గుమ్మం దాకా వచ్చాడు.

"అబ్బాయ్!" అని కేక వేశాడు వెనకనించి. "రాజుల ఈదిలో దిగబోకు. ఆలీసం అయిపోద్ది."